ఆ గడప మీద రాజేశం లేడు

2022 ఎండాకాలం. మెట్‌పల్లిలో నా ఫోటో స్టూడియో అప్పటికే పాతబడింది. రీలు కెమెరాతో మొదలుపెట్టి, చీకటి గదిలో ఫోటోలు కడిగినవాణ్ని నేను. ఆ కాలంలో ఫోటో అంటే నా చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి వెళ్లే కాగితం. కవరులో పెట్టి ఇస్తే వాళ్ల గోడ మీదికో, బీరువాలోకో పోయి అక్కడే ఉండిపోయేది. ఇప్పుడు తీయడం సగం పని, పంపడం మిగతా సగం.

పంపడంలోనూ పద్ధతులున్నాయి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కంప్రెస్ అవుతుంది. అంటే తొందరగా చేరడానికి దాని సైజు తగ్గిపోతుంది, పెద్దది చేసి చూస్తే ముఖాలు అలుక్కుపోయి కనిపిస్తాయి. అందుకే ముఖ్యమైనవి డాక్యుమెంట్‌గా పంపుతాం. అలా పంపితే ఉన్నది ఉన్నట్టే చేరుతుంది. వందల ఫోటోలుంటే ఆన్‌లైన్‌లో ఆల్బం పెట్టి లింక్ ఇస్తాం. మా వైపు ఈ లింక్‌కు ఉన్నంత విలువ పెళ్లి భోజనానికి కూడా ఉండదు. ప్రతి ఇంట్లో ఒకరైనా దుబాయిలో ఉంటారు. మస్కట్ అయినా, దోహా అయినా మావాళ్లకు దుబాయే. ఇక్కడ చివరి బంతి లేవకముందే అక్కడినుంచి ఫోన్ వస్తుంది, "అన్నా, లింక్ పంపినవా?" అని.

ఇంకో పని కూడా చేస్తాం. దాన్ని మిక్సింగ్ అంటాం. ఒక ఫోటోలో లేని మనిషిని ఇంకో ఫోటోలోంచి కత్తిరించి తెచ్చి నిలబెట్టడం. చెల్లెలి పెళ్లికి రాలేని అన్నను, కొడుకు పుట్టినప్పుడు దేశంలో లేని తండ్రిని, ఇలా ఎందరినో తెచ్చి వాళ్లవాళ్ల పక్కన నిలబెట్టాను. ఆ పనికి నేను సిగ్గుపడను. కానీ అలాంటి ఒక ఫోటో గురించి మా వైపు ఇప్పటికీ ఒక అబద్ధం తిరుగుతోంది. అది బయలుదేరింది నా నోట్లోంచే.

జమున మా స్టూడియోకు పాత గిరాకీ. పెళ్లి ఫోటోలు, పిల్లల పుట్టినరోజు ఫోటోలు అన్నీ నా దగ్గరే. భర్త రాజేశం మస్కట్‌లో షట్టరింగ్ మేస్త్రీ, స్లాబు పోసేముందు చెక్కలతో, రేకులతో అచ్చు కట్టే పని. ఏళ్ల తరబడి పరాయి స్లాబులకు అచ్చులు కట్టి, మెట్‌పల్లి శివారులో తనకో ఇల్లు కట్టుకున్నాడు. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నాక కంపెనీవాళ్లు ఇస్తామన్న సెలవు ఆపేశారు. ఆ ముహూర్తం దాటితే వాళ్ల పేర్లకు చాలా నెలల దాకా ఇంకోటి లేదన్నారు. ఇంటి యజమాని లేకుండానే గృహప్రవేశం కానిచ్చారు.

ఆ పొద్దున ఆవును ఇంట్లోకి తోలాక దంపతులు గడప దాటాలి. జమున ఒక చేత్తో దేవుడి పటాన్ని ఎదకు ఆనించుకుంది. ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుంది. ఫోన్‌లో వీడియో కాల్. అందులో రాజేశం. అక్కడింకా తెల్లవారలేదు, తోటివాళ్లు నిద్రపోతున్న గదిలో దుప్పటి భుజాల మీద కప్పుకుని చూస్తున్నాడు. "కుడికాలు, కుడికాలు" అని ఫోన్‌లోంచి చెబుతుంటే పంతులు కూడా నవ్వాడు. జమున కుడికాలు లోపల పెట్టింది. నేను బటన్ నొక్కాను.

వ్రతానికి పీటల మీద జమున అన్నా వదినా కూర్చున్నారు. వచ్చినవాళ్లు కూడా ఎక్కువగా ఆమె పుట్టింటివైపు వాళ్లే. రాజేశం తల్లి రాలేదు. ఆ సంగతి నేను పట్టించుకోలేదు.

తర్వాత తెలిసిన విషయాలు కొన్ని ఇక్కడే చెబుతాను. తల్లి పేరు నర్సవ్వ. అంతకు ఏడాది ముందు కోడలితో ఏదో మాట పట్టింపు వచ్చి బెల్లంపల్లిలో ఉన్న కూతురు గంగమణి దగ్గరికి పోయింది. పెద్ద గొడవేం కాదు, నాలుగు రోజులుండి వస్తాననే పోయింది. గృహప్రవేశానికి కొన్ని వారాల ముందు బాత్‌రూంలో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. మంచం దిగే పరిస్థితి లేదు. కూతురు ఆమెను విడిచి రాలేదు, అల్లుడికి బొగ్గుబాయిలో డ్యూటీ. తల్లి పడ్డ రోజు కూడా రాజేశం సెలవు అడిగాడు, ఇవ్వలేదు. "కొత్తింట్లకు నిన్ను నేనే తీస్కపోత అవ్వా, నేనొచ్చెదాక నువ్వు లేచి తిరుగాలె" అని ఫోన్‌లో చెప్పాడు. ఆమె ఆ మాట మీదే ఉంది.

వారం తర్వాత జమున ఫోటోలు చూడటానికి స్టూడియోకు వచ్చింది. గడప ఫోటో దగ్గర ఆగింది. ఫోన్ తెర మీద ఎండ మెరిసి, పైన అడ్డంగా గీతలు పడ్డాయి. ఆ తెరను ఫోటో తీస్తే అలాగే వస్తుంది.

"గిండ్ల ఆయన కనవడ్తలేడు గదన్నా."

కనిపిస్తున్నాడు కానీ మసకగా ఉన్నాడని చెప్పాను. ఆమె కొంగుతో చేతివేళ్లు తుడుచుకుంటూ కాసేపు చూసింది. ఆయనను పక్కన నిలబెట్టడం అవుతుందా అని అడిగింది. అవుతుందన్నాను.

"ఎవ్వలకు చెప్పకు శంకరన్నా. గోడకు వెట్టుకుంట, అంతే. ఇంత కష్టపడి కట్టిండు. ఆ గడప మీద ఒక్కసారన్న ఆయన ఉండద్దా?"

రాజేశంకు నేనే వాయిస్ మెసేజ్ పెట్టాను. తెల్లచొక్కా వేసుకోవాలి. ఎండ ఎడమవైపు నుంచి పడాలి. ఏదో ఒకటి దాటుతున్నట్టు కుడికాలు లేపి ముందుకు పెట్టాలి. ఆ ఫోటోను డాక్యుమెంట్‌గానే పంపాలి. శుక్రవారం వాళ్లకు సెలవు. ఆ రోజు నవ్వుతూ ఫోన్ చేశాడు. క్యాంపు వెనక గడపలాంటిది ఏదీ దొరకలేదట. ఒక సిమెంటు ఇటుక తెచ్చి నేల మీద పెట్టి దాన్ని దాటుతుంటే, చుట్టూ ఉన్నవాళ్లు ఏమైందిరా నీకు అని ఒకటే నవ్వు. "మా ఇంట్లకు వోతున్న అని చెప్పిన అన్నా. ఇగ ఎవ్వలు నవ్వలే" అన్నాడు.

ఆ మిక్సింగ్ నా చేతి పనుల్లో మంచిది. నీడలు కలిశాయి. అతని చూపు జమున వైపు తిరిగినట్టుంది. ఒక్క అడ్డు మాత్రం ఉంది. పక్కన మనిషి నిలబడి ఉండగా ఆమె చేతిలో ఫోన్ ఎందుకు? దాన్ని తుడిచేశాను. ఆ చేతిని కూడా దేవుడి పటం అంచుకు ఆనించాను. చూసినవాళ్లెవరికీ అనుమానం రాదు.

జమున ఫ్రేము కట్టించుకుని పోయింది. ఫోటో అక్కడితో ఆగితే ఈ కథే లేదు. నేను దాన్ని నా స్టూడియో పేజీలో పెట్టాను. ఆమెను అడగలేదు. "కొత్తింట్లో తొలి అడుగు" అని రాసి, మూలన స్టూడియో పేరు, ఫోన్ నంబరు వేశాను. దీన్ని వాటర్‌మార్క్ అంటాం. ఫోటో ఎక్కడికి పోయినా మన చిరునామా దాని వెంట పోవాలని వేసే ముద్ర. మిక్సింగ్ అని మాత్రం ఎక్కడా రాయలేదు. రాస్తే ఆ పనితనం కనిపించదనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ ఆలోచన ఎంత తలకిందులో తెలుస్తుంది. పనితనం చూపించాలని పెట్టి, పని చేసిన సంగతే దాచాను.

ఫోటో బాగా తిరిగింది. కొందరు డౌన్‌లోడ్ చేసుకుని స్టేటస్ పెట్టారు. కులం గ్రూపుల్లో, ఊరి గ్రూపుల్లో, దుబాయి గ్రూపుల్లో పంచుకున్నారు. "ఎప్పుడచ్చినవ్ రాజన్నా, చెప్పనన్న చెప్పకపోతివి" అని కింద ఒకరు రాస్తే నేను బదులివ్వలేదు. పైగా ఆ మాటకు ఒక లైక్ కొట్టాను.

రెండు మూడు రోజులకు స్టూడియోకు ఫోన్ వచ్చింది. ఆడమనిషి గొంతు. నా ఎదురుగా పెళ్లి ఆర్డరు మాట్లాడటానికి వచ్చిన తండ్రీ కొడుకులున్నారు. ఆ ఫోటో చూసే వచ్చారు వాళ్లు.

"అన్నా, గీ కొత్తింటి ఫోటో మీరు దీసిందేనా?"

అవునన్నాను.

"మరి మా అన్న వచ్చిండా?"

మా అన్న అంది. ఆ మాట నా చెవిన పడింది. అయినా తల లోపలికి పోలేదు. ఎవరికీ చెప్పవద్దని జమున అన్నది గుర్తొచ్చింది. ఎదురుగా కూర్చున్నవాళ్లు వింటున్నారన్నది ఇంకా ఎక్కువ గుర్తొచ్చింది. జమున మాట కోసమే అలా చెప్పానని చాలా రోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. జమున చెప్పవద్దన్నది. అబద్ధం ఆడమనలేదు.

"ఆ, వచ్చిండమ్మా. నేనే దీసిన. మంచిగున్నడు" అన్నాను.

"మంచిదన్నా" అని పెట్టేసింది. నేను ఆర్డరు మాట్లాడుకున్నాను.

ఆ ఫోన్ చేసింది గంగమణి. బెల్లంపల్లిలో ఆ సాయంత్రం నర్సవ్వకు ఆ ఫోటో చూపించారు. ఆమె ఏడవలేదట, తిట్టలేదట. ఫోటోను పెద్దది చేయించుకుని కొడుకు ముఖం చూసి, "బక్కగైండు" అందట. తర్వాత ఫోన్ పక్కకు పెట్టి గోడవైపు తిరిగి పడుకుందట. తను పడితే రాని కొడుకు ఇంటికోసం వచ్చాడు. బెల్లంపల్లి దాకా రాకుండానే పోయాడు. తన దగ్గరికి రాకుండా కోడలు ఆపి ఉంటుంది. ఆమెకు అర్థమైంది అదే. ఫోటో ఉంది, ఫోటో తీసినవాడి సాక్ష్యం ఉంది. ఇంకేం కావాలి?

ఆ శుక్రవారం రాజేశం ఫోన్ చేస్తే నర్సవ్వ తీసుకోలేదు. తర్వాతి శుక్రవారమూ అంతే. తను రాలేదని, అది మిక్సింగ్ అని రాజేశం చెల్లెలికి ఒట్టేసి చెప్పాడు. ఫోటో తీసినాయన చెప్పినాక కూడా ఎందుకు దాస్తవన్నా అని ఆమె అడిగింది. జమున ఫోన్ చేస్తే రెండు మాటలు ఎక్కువే పడ్డాయి. మొగణ్ని రప్పించుకుని తల్లికి చూపకుండా పంపిందని చుట్టాల్లో పేరు పుట్టింది. ఒకరినుంచి ఒకరికి ఆ ఫోటో పోయినంత దూరం ఆ పేరు కూడా పోయింది.

జమున నా దగ్గరికి వచ్చింది. కోపం చూపలేదు. బెల్లంపల్లికి ఫోన్ చేసి ఉన్నమాట చెప్పు, అంతే చాలంది. పేజీలోంచి ఫోటో ఆమె ఎదుటే తీసేశాను. తీసేస్తే పోయిందనుకున్నాను. జనం ఫోన్లలోకి పోయింది నా చేతిలో లేదని తెలిసి కూడా అనుకున్నాను. ఫోన్ చేస్తానన్నాను. చేయలేదు. పెళ్లిళ్ల సీజన్, రేపు చేద్దాం, పండుగ పోనీ. అబద్ధం చెప్పడానికి ఒక్క క్షణం పట్టింది. దాన్ని వెనక్కి తీసుకోవడానికి నోరు రాలేదు. ఎండాకాలం పోయింది. వానలు పోయాయి. బతుకమ్మకు జమున ఆడబిడ్డను రమ్మని పిలిస్తే ఆమె రాలేదని విన్నాను.

దసరా దాటాక రాజేశం దగ్గర్నుంచి నాకు కొన్ని ఫోటోలు వచ్చాయి. తెరిచి చూస్తే అతని పాస్‌పోర్టు పేజీలు. ఒక్కొక్క పేజీ విడివిడిగా, వెలుతురులో పెట్టి, శ్రద్ధగా తీసినవి. ఆ ఏడాది దేశం దాటినట్టు ఎక్కడా ముద్ర లేదు. కింద వాయిస్ మెసేజ్.

"శంకరన్నా, గివన్ని మా చెల్లెకు పంపిన. నేను రాలే సూడు అని. గవి గూడ మిక్సింగ్ చేస్తరట గదా అన్నది. ఇగ నేను ఏం జూపియ్యాలె చెప్పు. అవ్వ ఇప్పుడు కట్టె పట్టుకొని నడుస్తుందట. నడిచిందని గూడ నాకు పక్కోళ్లు చెప్పిండ్రు."

దాన్ని రెండోసారి వినలేకపోయాను. నా పని మీద ఎన్నో ఫిర్యాదులు విన్నాను. రంగు తేలిందనీ, ముఖం నల్లగా వచ్చిందనీ, ఆల్బం ఆలస్యమైందనీ. ఒక మనిషి నిజంగా ఉన్న కాగితాన్ని చూపించినా నమ్మకుండా చేశానన్న ఫిర్యాదు అదే మొదటిది. అందులో ఫిర్యాదు గొంతు కూడా లేదు.

ఆ శుక్రవారమే ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బెల్లంపల్లి బస్సెక్కాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటే, ఆ ఇంట్లో నా ఫోన్ మాటకు ఇక విలువ ఉండదని తెలుసు. బొగ్గుబాయి కంపెనీ క్వార్టర్ల వరుసలో వెతుక్కుంటూ వెళ్తే గంగమణి గుమ్మంలోనే నిలబడింది. మెట్‌పల్లి స్టూడియో శంకర్‌నని చెప్పాను. ముఖం మారింది. అల్లుడు నైట్ షిఫ్టు చేసి వచ్చి లోపల పడుకున్నాడు, గొంతు పెంచలేని పరిస్థితి. "మల్ల ఏం ఫోటోలు వట్టుకొచ్చినవన్నా?" అంది మెల్లగా.

నర్సవ్వ ముందుగదిలో మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనె తీస్తోంది. పక్కన చేతికర్ర. ఎవరని అడిగింది. చెప్పాను.

"నా కొడుకును ఫోటో దీసినాయనవా?"

"తియ్యలే అవ్వా. ఆ రోజు నీ కొడుకు రాలే. నేను అబద్ధం చెప్పిన."

ఆమె చిక్కుడుకాయలు ఆపలేదు. "నా కోడలు పంపిందా?" అంది. ఎవరూ పంపలేదన్నాను. నమ్మినట్టు కనిపించలేదు. మాటతో అయ్యే పని కాదని ల్యాప్‌టాప్ తెరిచి ఆమె మంచం మీదే పెట్టాను.

ఇక్కడ కొంచెం మా పని గురించి చెప్పాలి. మిక్సింగ్ చేసేటప్పుడు ఒక్కొక్క ముక్కా ఒక్కొక్క లేయర్ మీద ఉంటుంది. గాజుపలకల మీద వేర్వేరు బొమ్మలు వేసి ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు. ప్రతి లేయర్ పక్కన చిన్న కన్ను గుర్తు ఉంటుంది. దాన్ని నొక్కితే ఆ లేయర్ మాయమవుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. గిరాకీలకు మేం పంపేది అన్నీ కలిపి ముద్ద చేసిన ఫోటో. పొరలున్న అసలు ఫైలు మా దగ్గరే ఉంటుంది, ఎవరికీ చూపించం. ఆ రోజు మొదటిసారి చూపించాను.

తెర మీద గడప, జమున, పక్కన తెల్లచొక్కాలో రాజేశం. నర్సవ్వ చూసింది, చూపు తిప్పుకుంది. "చూసిన గిది" అంది.

కన్ను గుర్తు నొక్కాను. రాజేశం లేడు. అతను నిలబడ్డ చోట ఖాళీ గుమ్మం, దానికి కట్టిన మామిడాకుల నీడ.

చిక్కుడుకాయ ఆమె చేతిలోనే ఉండిపోయింది. గంగమణి ముందుకు వంగింది. ఇంకో కన్ను గుర్తు మిగిలింది. నేను తుడిచేసిన ముక్క. అది కూడా నొక్కాను. జమున చేయి పటం మీదినుంచి పక్కకు వచ్చింది. ఆ చేతిలో ఫోన్ ఉంది. ఫోన్‌ను పెద్దది చేశాను. గీతల వెనక, ఎండ మెరుపు పక్కన, దుప్పటి కప్పుకున్న రాజేశం.

"గాడ ఉన్నడు అవ్వా నీ కొడుకు. ఆ రోజు గంతే ఉండె."

నర్సవ్వ వేలితో ఆ తెరను తాకింది. నా ల్యాప్‌టాప్ తెర అది, వేలు తగిలితే ఏమీ కదలదు. అయినా చాలాసేపు అలాగే ఉంచింది.

"గింత మంచిగుంటే ఎందుకు తుడిసినవు బిడ్డా?"

మసకగా ఉందని తుడిచానన్నాను.

"నా కండ్లకు అందరు మసకనే. అయితే ఏంది, నా కొడుకును నేను గుర్తువట్టనా?"

తర్వాత క్యాంపులో తీసిన ఫోటో కూడా చూపించాను. రేకుల షెడ్డు, ఎండ, నేల మీద సిమెంటు ఇటుక, దాన్ని దాటుతున్న రాజేశం, వెనక పళ్లు బయటపెట్టి నవ్వుతున్న ఇద్దరు. అతను వాళ్లతో అన్న మాట చెప్పాను. నర్సవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో మాకు తెలియలేదు. బహుశా ఆమెకు కూడా.

"ఇటుకను దాటి ఇంట్లకు వొయిండా నా పిచ్చి కొడుకు" అంది.

గంగమణి లోపలికి పోయి ఫోన్ తెచ్చి అన్నకు వీడియో కాల్ చేసింది. శుక్రవారం కాబట్టి మొదటి రింగుకే ఎత్తాడు. చెల్లె అనుకుని ఏదో చెప్పబోయాడు. గంగమణి ఫోన్‌ను తల్లి ముఖం ముందు పెట్టింది. అవతల మాట ఆగిపోయింది. కోపంతో మాట్లాడకుండా ఉన్న మనిషికి కోపం పోయాక మొదటి మాట ఏది వస్తుందని నేను ఎదురుచూశాను. ఆమె పక్కనున్న ల్యాప్‌టాప్‌లో గడపను చూస్తూ అంది.

"ఎవ్వడు గట్టిండురా గింత ఎత్తు గడప? నా నడుము ఇరిగె. ఎట్ల దాటాలె నేను?"

"తీపిచ్చేస్త అవ్వా. రేపే కోపిచ్చేస్త."

"ఏం వద్దు. నువ్వొచ్చి ఎత్తుకపో."

అవతల రాజేశం ఏడ్వడం వినిపించింది. నేను బయటికి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి గంగమణి చాయ్ తెచ్చి ఇచ్చింది. ఏమీ అనలేదు. అనివుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

తిరుగు బస్సుకు బయలుదేరుతుంటే నర్సవ్వ పిలిచి ఒక పని చెప్పింది. ఫోన్ ఉన్న ఫోటోను కాగితం మీద తీసి పంపమంది. గీతలు తీసేయాలా అని అడిగాను. "నువ్వు ఏది తియ్యకు, ఏది వెట్టకు. ఎట్లున్నదో గట్లనే" అంది. అలాగే పంపాను. ఆ గీతల ఫోటో బెల్లంపల్లిలో ఆమె మంచం ఎదురుగా గోడ మీద చాలా రోజులు ఉంది.

మరుసటి ఏడు రాజేశంకు సెలవు దొరికింది. విమానాశ్రయం నుంచి నేరుగా బెల్లంపల్లి పోయి తల్లిని తీసుకునే మెట్‌పల్లి వచ్చాడు. నన్ను పిలిచారు. పిలుస్తారనుకోలేదు. నర్సవ్వ గడప ముందు కర్రను జమున చేతికిచ్చింది. రాజేశం ఎత్తుకుంటుంటే "నిమ్మలంగరా, నేనేమన్న సెంట్రింగ్ చెక్కనా" అంది. అందరూ నవ్వారు. లోపలికి పోగానే కోడలి భుజం పట్టుకుని దిగింది. జమున కర్ర తిరిగి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు, భుజం వదల్లేదు. నేను తీసిన ఫోటోల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది అది. దాన్ని పంచుకునే ముందు అడిగాను. నర్సవ్వ వద్దంది. అది ముగ్గురి ఫోన్లలో, ఒక గోడ మీద ఉంది. ఇంకెక్కడా లేదు.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. మిక్సింగ్ చేస్తే మూలన ఆ మాట రాస్తాను. కొందరు గిరాకీలకు అది నచ్చదు, వేరే స్టూడియోకు పోతారు. ఆల్బం లింక్ ఇచ్చేటప్పుడు లింక్ ఉన్న ఎవరైనా చూడొచ్చు అనే సెట్టింగు కాకుండా, ఇంటివాళ్లు చెప్పినవాళ్లకే తెరుచుకునేలా పెడతాను. అడగకుండా ఎవరి ముఖాన్నీ నా పేజీలో పెట్టను. ఇవన్నీ నేర్చుకోదగ్గవే, కానీ నేర్చుకోవడానికి ఒక తల్లీ కొడుకుల మధ్య అన్ని నెలల మాటలు ఖర్చయ్యాయి. ఆ శుక్రవారాలను నేను తిరిగి పెట్టలేను. దానికి లేయర్ లేదు.

ఈ మధ్య ఒక పెళ్లిలో ఫోటోలు తీస్తుంటే జమున కనిపించింది. బంతిలో ఒకామె ఆమెను ఆటపట్టిస్తోంది. "మీ ఆయన ఎప్పుడొస్తడో ఎప్పుడు వోతడో ఎవ్వలకు తెల్వది గదా, కన్నతల్లికి గూడ" అని. అత్తాకోడళ్లు కలిసి ఉంటున్నారని ఆ మాటన్నామెకు తెలియదు. ఆమెకు తెలిసింది ఆ ఫోటో ఒక్కటే. చుట్టూ నవ్వారు. జమున కూడా నవ్వింది. చేతులు కడుక్కునే దగ్గర నా పక్కకు వచ్చి నిలబడింది.

"అన్నా, ఆ ఫోటోను లోకమంత పంపినవు. బెల్లంపల్లిల చెప్పిన మాటను ఎవ్వలకు పంపలే."

నిజమే. ఉన్నమాటను ఒక మంచం దగ్గర కూర్చుని ఇద్దరికి చెప్పి వచ్చాను. అబద్ధం మాత్రం ఎక్కడెక్కడ తిరుగుతోందో నాకే తెలియదు. ఏటా ఎండాకాలం ఎవరో ఒకరు దాన్ని మళ్లీ స్టేటస్ పెడతారు. మూలన నా పేరు, నా నంబరు అలాగే ఉన్నాయి.

అందుకే రాస్తున్నాను. ఆ రోజు ఆ గడప మీద రాజేశం లేడు. మస్కట్‌లో చీకటి గదిలో దుప్పటి కప్పుకుని, భార్య చేతిలోని ఫోన్‌లోంచి కుడికాలు, కుడికాలు అని చెబుతున్నాడు. జమున ఎవరినీ దాచలేదు. వచ్చాడని చెప్పింది నేను. ఆ ఫోటో మీ ఫోన్‌లో ఎక్కడైనా ఉంటే, దాన్ని మీరు ఎవరెవరికి పంపారో వాళ్లకు ఈ మాట కూడా పంపండి.